గైడ్ కావాలా?

గోల్కొండ గేటు దగ్గర
మెడలో ఐడీ కార్డు వేలాడుతున్న ఒకాయన వెంటపడ్డాడు:
"గైడ్ కావాలా మేడం?"
కావాలన్నా. ఐదేళ్ళకు కావాలి.
కింద చప్పట్లు కొడితే పైకెలా వినిపిస్తుందో చెప్పడానికి కాదు.
కింద ఏడిస్తే పైన ఎవరికైనా వినిపిస్తుందా
అని అడిగినప్పుడు
నవ్వకుండా పక్కన నడవడానికి.

అతను నవ్వాడు. ఇంకో కుటుంబం వైపు వెళ్ళిపోయాడు.
మర్యాదస్తుడు.
సినాప్సిస్ మెయిల్ చెయ్యమనలేదు.

జూన్ నుంచి ఇదే పని.
పీర్ల పండుగ మీద పీహెచ్‌డీ చేస్తానంటే
చరిత్ర సారు అడిగాడు, శాసనాలున్నాయా?
లేవు సార్, దట్టీలున్నాయి.
ఏటా ఒకటి కడతారు, పాతది విప్పరు.
పొర పొర విప్పుకుంటూ పోతే తారీఖులు దొరుకుతాయి.
"అయితే జానపదం," అని తలుపు వైపు చూశాడు.

జానపదం మేడం బీరువా తాళం వెతుకుతోంది.
"ఎనిమిది మంది ఉన్నారమ్మా నా కింద.
ఒకరు సబ్మిట్ చేస్తే గానీ ఖాళీ రాదు.
ఆ ఒకరికి పెళ్ళయింది, ఉద్యోగమొచ్చింది,
మూడో చాప్టరే రావట్లేదు."

తత్వశాస్త్రంలో, ఇందులో తత్వమేముందన్నారు.
సోషియాలజీలో, రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలన్నారు.
ఉర్దూ ప్రొఫెసర్ గారు, మీ ఉర్దూ ఎలా ఉంటుంది? అన్నారు.
మాది తెలుగే సార్. దూదేకులోళ్ళం.
నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ తెప్పించారు.
ఖాళీ లేదని చెప్పడానికి
రెండు ఉస్మానియా బిస్కెట్ల దాకా ఆగారు.

ఇంకొకాయన దరఖాస్తులో పేరు దగ్గరే ఆగిపోయాడు.
"సైదమ్మ... హిందువా, ముస్లిమా?"
అదే నా టాపిక్ సార్, అన్నాను.
అది జోకనుకున్నాడు.

తార్నాకలో జిరాక్స్ జంగయ్య ఒక్కడే
పదకొండు వెర్షన్లూ చదివాడు.
"అక్కా, ఈసారి 'మత సామరస్యం' కొట్టేసినవేంది?
మంచిగుండె గదా."
మంచిగుంది కాబట్టే తమ్మీ.
మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అనగా వినలేదు.

చివరికి గచ్చిబౌలిలో, మెట్ల కింది గది.
ప్రొఫెసర్ కృపామణి, అనువాద అధ్యయనాలు.
నాకు సంబంధం లేని శాఖ. వర్షానికి ఆగాను, అంతే.
టిఫిన్ డబ్బా మూత మీద పచ్చిపులుసు చుక్కలు.
ఆమె సినాప్సిస్‌ని
పంక్తి కింద వేలు పెట్టుకుని చదివింది,
ఆదివారం వాక్యం చదివినట్టు.
ఆఖరి పేజీ తిప్పి అడిగింది:

"గుండం చల్లారినాక
బూడిద ఎవరెత్తుతారు?"

నోరు తెరిచాను.
పీరెత్తేదెవరో తెలుసు. డప్పు కొట్టేదెవరో తెలుసు.
మొద్దులు ఎవరింటి నుంచి వస్తాయో,
మలీద ముద్ద ముందు ఎవరి చేతిలో పడుతుందో,
అసోయ్ దూలాలో ఎన్నో చుట్టుకు ఆడవాళ్ళు పక్కకు జరుగుతారో తెలుసు.
నలభై రెండు ఫుట్‌నోట్లు.
బూడిద లేదు.

తెలియదు మేడం.

అప్పుడు నవ్వింది. పెన్ను మూత మాత్రం తియ్యలేదు.
"నాకూ తెలియదు. కనుక్కుని రా.
ఖాళీ సంగతి తర్వాత చూద్దాం."

బస్సెక్కి ఎల్లమంద మామకు ఫోన్ చేశాను.
ముప్పై ఏళ్ళు పెద్ద పీరు మోసిన భుజం.
అటువైపు దగ్గు, ఎవరిదో మేక, మళ్ళీ దగ్గు.
"బూడిదా?
తెల్లారి చూస్తే ఉండది బిడ్డా.
గాలికి పోతదనుకున్న."

మెహదీపట్నం దాకా సీటు దొరకలేదు.
కండక్టర్ ఇచ్చిన జీరో టికెట్ వెనక
కమ్మీకి ఆనించి రాసుకున్నాను:
గాలి కాదు.
ఇంకా రాద్దామనుకున్నా గానీ
టికెట్ చిన్నది.