గసగస గింజంత

క్లైపెదలో, మూడో అంతస్తు వంటగదిలో
ముందుగా ఫ్రిజ్ గొంతు నొక్కాను.
ప్లగ్గు పీకి, కారు తాళాలు లోపల వెన్న పక్కన పెట్టాను,
పోయేముందు మళ్లీ పెట్టడం మరిచిపోకుండా.
గోడ గడియారాన్ని దుప్పట్లో చుట్టి
పడకగదిలో పడుకోబెట్టాను.
వేడినీళ్ల గొట్టాలు మాత్రం నా మాట వినవు.
ఫిబ్రవరి కదా, వాటి లెక్కన అవి టక్కుమంటాయి.

బల్ల కింద నేను.
మోకాళ్ల మీద పాత ప్రీఆంప్,
కుడిచెవి పోయాక గిన్‌తౌతస్ సగం ధరకిచ్చిన పెట్టె.
ఇప్పుడొచ్చే యంత్రాలకి ఈ తిప్పలే లేవట.
నాకున్నది ఇదే.
గెయిన్ నాబ్ మీద తెల్లగీత, గడియారం ముల్లులా.
మూడింటి దగ్గర పెడితే గుసగుస అందుతుంది,
ఒంటిగంట దగ్గర అరుపు పగలకుండా నిలుస్తుంది.
నడుమ, రెండింటి దగ్గర,
ఎన్నిసార్లు మందు కొట్టినా పోని దుమ్ము.
దాటిన ప్రతిసారీ కర్‌ర్ మంటుంది
పంటి కింద ఇసుకలా.

క్రిస్మస్ ముందురోజు వాళ్లావిడ గసాలు నూరి పాలు తీస్తుంటే
ఒక గింజని వేలికొసకి అంటించుకుని చూపించాడాయన.
"ఇంతే తిప్పు. ఆగు. మరో గింజ.
దాటక తప్పనిచోట
వాళ్ల చప్పుడు చాటున దాటు,
కప్పు సాసర్లోకి దిగేటప్పుడు,
కుర్చీ జరిగేటప్పుడు.
మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంది కదాని తిప్పావో
పట్టపగలు దొంగతనానికెళ్లినట్టే."

సీను చిన్నదే.
తమ్ముడు వైదోతస్ గుమ్మంలో నిలబడి గొణుగుతాడు,
"పడవ అమ్మేశాను."
అక్క ఉగ్నె చేప పొలుసు గీకుతూనే ఉంటుంది.
రెండు గీకులు. తర్వాత కత్తి విసిరి అరుస్తుంది.
ఇద్దరికీ ఒకటే మైకు, జోకూబస్ పట్టుకున్న కర్ర చివర.
ఆ రెండో గీకు నాది.
దాని చాటునే మూడింటి నుంచి ఒంటిగంటకి జారాలి.

ఆరు టేకులు జారాను.
పొలుసూ నా దుమ్మూ ఒకే జాతి చప్పుళ్లు,
ఏది ఏదో నాకే తెలియలేదు.
కాస్త గర్వపడ్డాను కూడా,
ఎవరితోనూ చెప్పుకోలేని గర్వం.

ఏడో టేకు.
"పడవ అమ్మేశాను."
ఒక గీకు.
రెండోది రాలేదు.

హెడ్‌ఫోన్లలో ఆమె ఊపిరి లోపలికి పోతూనే ఉంది.
ఇంత పొడుగు ఊపిరి అరుపుకే అనుకున్నాను.
వేళ్లు నన్నడగలేదు. తిప్పేశాయి.
కర్‌ర్.
ఏ చాటూ లేకుండా, గది నడుమ.

ఉగ్నె అరవలేదు.
"ఎంతకి?" అంది,
చేపనే చూస్తూ, అంత మెల్లగా.
మెట్లన్నీ దిగిపోయాక
పైనుంచెవరో పిలిచినట్టు
అందీ అందకుండా.
తిరిగి ఎక్కాలంటే మళ్లీ దుమ్ము.
చెయ్యి తీసి మోకాలి కింద పెట్టుకున్నాను.
తమ్ముడు జవాబు చెప్పలేదు.
గొట్టం టక్కుమంది.

"దొరికిందా?" అన్నాడు ఎయ్‌మాంతస్.
"దొరికింది. అడుగున ఉంది."
"ఇంకోసారి చేద్దామా?"
ఉగ్నె అప్పటికే చేతులు కడుక్కుంటోంది.
"చేస్తే అరుస్తాను. అరుపులు ఆరున్నాయిగా నీ దగ్గర."

రాత్రి హోటల్ గదిలో ఆ ఒక్క మాటనీ పైకి లాగాను.
వలలో చేపతోపాటు నాచు వచ్చినట్టు
వంటగదంతా వచ్చింది.
హిస్సు, రేవులో టగ్గు ఇంజను,
కింది ఇంటి టీవీ, బల్ల కింద నా ఆకలి కడుపు.
నాచు ఏరబోతే మాట తెగుతోంది.
ముందున్న కర్‌ర్‌ని అలాగే వదిలేశాను.
కత్తి ఆగబోతూ చేసిన చప్పుడనుకుంటారేమో జనం.
గిన్‌తౌతస్ అనుకోడు.
ఆయన ఎడమచెవి ఇంకా నిక్షేపంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చాయి తాళాలు.
అందరితోపాటు వ్యాన్‌లో వచ్చేశాను నేను.

అర్ధరాత్రి మంచులో నడిచి వెళితే
ఇంటావిడ శాలువా కప్పుకుని తలుపు తీసింది.
ప్లగ్గు పెట్టాను.
ఫ్రిజ్ ఒళ్లు విదిలించుకుని గొణగడం మొదలెట్టింది.
"ఇంత చప్పుడు చేస్తుందా ఇది?" అందామె,
దాని తలుపు మీద చెయ్యి వేసి.
వెన్న జారిపోయింది.
తాళాలు జిడ్డుగా, నులివెచ్చగా.