ఒంటిచెట్టు కల్లు

చండూరు ఫంక్షన్ హాల్ల వడ్డించి
అర్ధరాత్రి దాటినంక ప్లేట్లు కడిగి
నాలుగు నూర్ల కూలితోపాటు
ఒక ఖాళీ సీస తెచ్చిన.
ఖాళీదైనా బరువు.
అడుగున బొటనవేలు పట్టేంత గుంట,
మెడ చుట్టు ఎర్రటి లక్క తునక.
పారెయ్య మనసొప్పలే.

తెల్లారంగ మల్సూరు మామ
మోకు భుజాన, ముత్తాదు నడుమున
తాళ్ళల్లకు పోబోతు ఆగిండు.
"ఏందిరా అది, నూనె సీసనా?"
"ఆస్ట్రేలియా మందు మామా, ద్రాక్షపండ్లది.
ఏడెనిమిది వేలుంటదట."
"సీసకా?" అన్నడు.

ఇంటర్ తప్పినోన్ని,
ఐనా కూడబలుక్కొని చదివిన:
వేరే తోటల పండ్లు కలవలేదట.
ఒక్క తోట, ఒక్క వాలు, తూర్పు మొఖం,
పైన ఎర్రమన్ను, మన్ను కింద సున్నపురాయి.
చేసినాయన మూడో తరమోడు.
సంతకం కోడి గీరినట్టుంది, పేరు తెల్వలే.

మామ మోకు దించి కూసున్నడు.
"గంతేనా? గది మనకెర్క లేనిదా?
మండువల పది చెట్లది కలిపి పోస్తం,
తాగెటోడు తాగుతడు, పోతడు.
జరమొచ్చి లేసినోడు మాత్రం
ఒంటిచెట్టుదే గావాలంటడు.
అప్పుడు కుమ్మరోల్ల బాయి కాడికే పోత.
ఆ పోద్దాడు ఒక్కటే అక్కడ.
పైన చౌడు, నడుమ మొరం,
ఏరు ఎందాక పోయిందో దానికే ఎరుక."

మా ఊరి నీళ్ళు తాగి
మామ చెల్లె ఈరమ్మ విల్లులెక్క వంగింది.
పండ్ల మీది పసుపు గార
మా అందరి సంతకం.
ఆ నీళ్ళే ఆ చెట్టు గూడ తాగుతది.
తాగి నిటారుగ నిలవడుతది,
తియ్యగ ఇస్తది.
ఎట్లనో మాకు చెప్పినోడు లేడు.

"చెట్టెక్కుతడా ఆయన?"
"నడుమెత్తు తీగెలు మామా."
"అదృష్టవంతుడు."

మూతి కాడ ముక్కు పెట్టి కండ్లు మూసిండు.
"అల్లనేరేడు. కాలిన కట్టె. పాత చెప్పు."
సీస మీద గూడ అదే రాసుంది,
కొంచెం పొడుగ్గ.

"ఏ యేటిది?"
అంకెలు చూపిచ్చిన. రెండువేల పదిహేను.
ఆ యేడు అక్కడ ఎండా వానా సమంగ కుదిరినయట,
పదేండ్లు దాసుకోవచ్చట.
ఆ యేడు ఇక్కడ ఎన్ని బోర్లేసినా దుమ్మే లేసింది.
ఆ యేడే ఆయన తమ్ముడు గాలయ్య
మోకు తెగి, మట్ట పట్టుకోబోయి...
మామ ఆ ముచ్చట ఎత్తలే.
సీసను ఎండకు పట్టి అటు దిక్కు చూసిండు.
"మనది దాసుకునేది గాదు లే.
పొద్దుగాల తీపి, పగటికి పులుపు,
పొద్దుమూకితె పోట్లాట."

పోతపోత మల్లొకటడిగిండు:
"తొలి చుక్క మన్నుకు పోస్తడా ఆయన?"
అది రాయలే మామా.
"పోస్తడు. కాటమయ్య అసొంటోడు
ఆడ గూడ ఒకడుండకపోడు."

ఎక్కి దిగి వచ్చేసరికి
లొట్టి నురుగులు గక్కుతుంది.
"నా దానికి గూడ రాయి" అన్నడు.
సుద్దముక్కతోని లొట్టి కడుపు మీద రాసిన:
కుమ్మరోల్ల బాయి. ఒంటిచెట్టు. మల్సూరు.
కింద ఇయ్యాల్టి తేది.
ఇంకేం రాయాల్నో తోచలే.
ఆయనకు చదువు రాదు,
ఐనా వేలు పెట్టి ఒక్కో అక్షరం తడిమిండు,
గీత గీసినంక గెల తడిమినట్టు.

సీసను అత్త బూడిదతోని తోమి
నిజంగనే నూనె పోసుకుంది.

పగటీలికి లొట్టి ఖాళీ.
అడుగున జరంత మడ్డి, రెండు తేనెటీగలు.
మామ బొటనవేలు నాలికకు అద్దుకొని
తేది ఒక్కటే తుడిచిండు.
"రేపటిదానికి జాగ గావాలె గద."