ఫారంలో లేని గడి

బావి ఎండిపోయి చాలా కాలమైందని
దారి చూపిన ముసలాయన చెప్పాడు.
తన పేరు చెప్పలేదు, టోపీ తీయలేదు.
కారోబు చెట్టు దాకా వచ్చి
అక్కణ్ణించి వేలు చాపి చూపించి
మేకల వెనకే వెళ్ళిపోయాడు.

పదకొండు రోజులు తవ్వాం.
తట్టలు లాగింది లుకియా, మట్టి జల్లించింది నేను.
నికోసియాలో ఆమె ఇల్లు ముళ్ళకంచెకి దక్షిణాన, నాది ఉత్తరాన.
ఇద్దరికీ కలిసే మాట
నెలిదా నేర్పిన ఇంగ్లీషు,
అదీ స్పానిష్ యాసలో.
అర్జెంటీనా నుంచి వచ్చిందావిడ.
సొంత అన్నని వెతుక్కుంటూ ఈ విద్య నేర్చిందట.
అన్న దొరకలేదు, విద్య మిగిలింది.
"ఎముకని అడగండి, తొందరపెట్టకండి" అనేది.

ఎనిమిది మీటర్ల లోతున ఒక మనిషి.
ఆయన కింద రెండడుగుల రాళ్ళు,
పగిలిన కుండ, ఒక మేక దవడ.
ఆ రాళ్ళ కింద ఇంకో మనిషి.
పైనున్నాయన డెబ్భై నాలుగు ఎండల్లో పోయాడు,
లుకియా వాళ్ళ మనిషి.
కిందాయన అరవై నాలుగు చలిలో,
మావాడు.
పదేళ్ళ తేడాతో
రెండు రకాల జనానికి
ఒకే బావి గుర్తొచ్చింది.

మా లాబు పాత విమానాశ్రయం పక్కన,
ఎవరికీ చెందని నేల మీద.
గేటు దగ్గర స్లొవేకియా కుర్రాడు
నీలం టోపీ సర్దుకుని రోజూ ఒకటే అడుగుతాడు:
"ఇవాళ ఎంతమంది?"
అడిగేది మా గురించో, మేం తెచ్చినవాళ్ళ గురించో
ఇంతవరకూ తేల్చుకోలేదు.

టూత్‌బ్రష్‌తో మట్టి కడిగి
బల్ల మీద పుర్రె నుంచి మడమ దాకా పేర్చాం.
గోరంత ముక్కలు కోసి విదేశానికి పంపితే
మా దీవిని మ్యాపులో వెతుక్కునే ఎవరో అమ్మాయి
అంకెలు రాసి పంపింది.
ఎవరి ఎముకలు వాళ్ళకి చేరాయి,
ఒక్కటి తప్ప.
చిటికెన వేలి కొస. శనగగింజంత.
అంకెలు చెప్పలేనంత చిన్నది.
దానికి వేరే డబ్బా పెట్టాం.

ఫారంలో నలభై రెండు గడులు.
ఎత్తు, వయసు, పుచ్చిన పళ్ళు, చిన్నప్పుడు విరిగి అతికిన చెయ్యి.
"ఎవరు చంపారు" అన్న గడి లేదు.
ఉంటే ఆ ముసలాయన చెట్టు దాకా వచ్చేవాడా, అంటుంది లుకియా.
లేకపోతే మనం ఇంకెందుకు, అంటాను.
ఒక్కోరోజు
నా మాట ఆమె అంటుంది, ఆమె మాట నేను.

క్రిస్టల్లాకి ఎనభై మూడేళ్ళు.
ఎముకల్ని చూడలేదు, మేజోడు చూసింది.
"ఈ మడమ నేనే కుట్టాను.
దారం రంగు కలవలేదని విసుక్కున్నాడు."
తర్వాత నా పేరడిగింది.
పెంబే అన్నాను.
"మా పక్కింటావిడా పెంబేనే" అంది.
మళ్ళీ నా వైపు చూడలేదు.
వేలి సంగతి లుకియా చెప్పింది.
"ఆయనదే," అంది. "ఇంకెవరికీ ఇవ్వకండి."

మర్నాడు వచ్చాడు ఎర్దాల్.
తండ్రి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు.
ఇప్పుడు తండ్రి కంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడు.
"మా నాన్న చిటికెన వేలు పైకెత్తి కాఫీ తాగేవాడట.
అది నాన్నదే" అన్నాడు.
రెండు చిన్న శవపేటికలు వెళ్ళాయి,
ఒకటి అటు, ఒకటి ఇటు.
డబ్బా మా అలమరలోనే ఉంది.
ఆ సాయంత్రం గేటు కుర్రాడితో
"ఎవరూ లేరు, ఒక వేలు" అన్నాను.
వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

నిన్న లాబుకి ఫోను.
మా అమ్మ మాట్లాడే యాస,
వెనకాల మేకల గంటలు.
"ఇంకో బావి ఉంది" అన్నాడు.
నీకెలా తెలుసు
అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.
లుకియా పార కడుగుతూ నన్నే చూస్తోంది.

కలం తీసి,
"ఏ ఊరు?" అని అడిగాను.