బొటనవేలి దగ్గర రెండు ఎర్ర వరసలు

డిసెంబరు ఇరవై నాలుగు. హౌకిలంపి చర్చి పెరడు.
మధ్యాహ్నం రెండింటికే పొద్దు చాప చుట్టేసింది.
నా పని మంచు ఎత్తిపోయడం.
అరవై నాలుగు రాళ్ళు, అన్నీ ఒకే ఎత్తు,
బతికుండగా నిలబెట్టినట్టే ఇక్కడా వరసలో నిలబెట్టారు.
పేరు మీద గీత పడకుండా
పార ఎక్కడ ఆపాలో నా మోచేతికి తెలుసు.

పోయినవాళ్ళని పోయినచోటే వదిలి రాలేదు మా ఫిన్లాండు.
గుర్రపు బళ్ళ మీద, సరుకు రైళ్ళలో
వీలైనంతమందిని ఎవరి ఊరికి వాళ్ళని చేర్చింది.
చేర్చేముందు ఎవరో ఒకరు
వాళ్ళ మొహాలు కడగాలి కదా.

హిల్ప కడిగింది.
అప్పటికామెకి పందొమ్మిదేళ్ళు.
కొయ్యబారి వచ్చినవాళ్ళని
ఆవిరిగదిలో పొయ్యి రాజేసి పడుకోబెట్టి
ముడుచుకున్న చేతులు సాగేదాకా
పక్కన పీట మీద కూర్చునేది.
ఆ రోజుల్లో మా పిల్లలు పుట్టేదీ ఆవిరిగదిలోనే.
"వీళ్ళు వచ్చిన దారినే వెనక్కి పోతున్నట్టుండేది" అంది
ఒకసారి నా ఫ్లాస్కులో కాఫీ తాగుతూ.
మొహాలు ఒక్కటీ గుర్తులేవట.
మేజోళ్ళు గుర్తున్నాయి,
మడమ దగ్గర ఎవరు ఎలా రఫూ చేశారో.

ఫిబ్రవరిలో ఒకడొచ్చాడు.
మెడలో బిళ్ళ లేదు, జేబులో కాగితం లేదు,
మొహం సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.
చేతులకి మాత్రం ఊలు తొడుగులు.
బొటనవేలి దగ్గర రెండు ఎర్ర వరసలు,
రెండోదాంట్లో ఒక కుట్టు వదిలేసి.
మా ఊరి అల్లిక.
మా ఊరివాళ్ళలో అప్పటికి జాడలేనిది ఒక్కడే,
సెల్మ కొడుకు తౌనో.
హిల్ప చీటీ మీద ఆ పేరు రాసింది.

పెట్టె తెరవకూడదని ఉత్తర్వు.
సెల్మ మూత మీద అరచెయ్యి ఆనించి
"చేతులు వెచ్చగా ఉన్నాయా వాడికి?" అని అడిగింది.
"ఉన్నాయి. నువ్వల్లినవే."

మంచు కరిగాక, బళ్ళో అటక సర్దుతుంటే
ఒక పాత పద్దు దొరికింది హిల్పకి.
ఆ శరదృతువులో ఊరి ఆడవాళ్ళు
యుద్ధానికి పంపిన తొడుగులు నలభై జతలు.
ఏ పార్సెలు ఏ కందకంలో విప్పారో,
ఏ జిల్లావాడు ఏ జత తొడుక్కున్నాడో
ఎవరు చెప్పగలరు?
అందులో పదకొండు జతలు హిల్ప అల్లినవే.
కుట్టు వదిలెయ్యడం ఆమెకీ అలవాటే.

పద్దు పొయ్యిలో పెట్టింది.

సెల్మ ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు బతికింది.
ప్రతి ఆదివారం ఆ రాయి పక్కన కూర్చుని
ఆవు ఈనిన సంగతి, గడ్డి ధర,
కప్పు కారుతున్న సంగతి,
ఎవడు వింటున్నాడో వాడికి చెప్పుకుంది.
ఎవడో ఒకడు విన్నాడు.

సెల్మ పోయాక హిల్ప మొదలుపెట్టింది.
ఏటా ఈ రోజు కాలితో నెట్టుకునే జారుడుబండి మీద వచ్చి
తౌనో రాయి దగ్గర రెండు కొవ్వొత్తులు.
ఒకటి ముందు, పేరున్న వైపు.
ఇంకోటి వెనక,
పేరు లేని వైపు.
వెనకది గాలికి ఆరుతుంది ఎప్పుడూ.
అగ్గిపుల్ల నేను గీసేవాణ్ణి.
ఎందుకని ఇరవయ్యేళ్ళు అడగలేదు,
చెప్పిన రోజున ఏమనాలో తెలియక
మళ్ళీ పార అందుకున్నాను.

ఈ ఏడు హిల్ప లేదు.
పౌరుల వైపు, కంచె పక్కన పడుకుంది,
ఇంకా రాయి రాలేదు.
చీకట్లో ఊరంతా వచ్చి
తలా ఒక దీపం వంగి పెట్టి వెళ్ళారు,
టోపీలు తీసి, పెద్దగా ఏమీ మాట్లాడకుండా.

చర్చి ఆఫీసులో లెక్క చూసి అడిగారు,
రాళ్ళు అరవై నాలుగు కదా,
కొవ్వొత్తులు అరవై అయిదు రాశావేమని.
గాలికి ఒకటి ఆరితే ఉంటుందన్నాను.

ఆ సాయంత్రం గాలే లేదు.