మొదటి కణుపు కింద

మొదటి కణుపు కింద విరవాలి,
పైన విరిస్తే మళ్లీ వేళ్లు దించుతుంది.
ఈ ఒక్క మాట చెప్పడానికే
సీర్యోల్ ప్రతి శనివారం వంతెన పిట్టగోడ ఎక్కుతాడు.
మేం పదిహేనుమందిమి విన్నట్టు తలూపుతాం.

ముప్ఫయ్యేళ్లు ఈ లోయలో బస్సు నడిపాను.
కెర్విన్ ఏరంటే నాకు
అద్దం పక్కన మెరిసి మాయమయ్యే గీత, అంతే.
ఇప్పుడు మెడ లోతు గులాబీ రంగులోకి దిగి
ఒడ్డెక్కడుందో కాలితో తడుముకుంటున్నాను.

హిమాలయ బాల్సం.
ఎప్పుడో ఎవరో దొరసాని తోట కోసం ఓడెక్కి వచ్చిందట.
లాటిన్‌లో దాని పేరుకి ఓపిక లేనిదని అర్థం.
ముదిరిన కాయని ముట్టుకుంటే చాలు,
చిటుక్కున చుట్టుకుపోయి
గింజల్ని ఏడు గజాల అవతలికి విసురుతుంది.
మనిషిని మించిన ఎత్తు, బోలు కాడ,
వేరు చూస్తే చిటికెన వేలంత.
కదిలిన పాలపన్నులా ఊడివస్తుంది.
అంత తేలిగ్గా వచ్చేది
అంత మొండిగా ఎలా మిగులుతుందో
నాకిప్పటికీ అంతుబట్టదు.

అందంగా లేదని నేననను.
బడిపిల్ల మైర్వెన్ ఒక పువ్వు చెవిలో పెట్టుకుంది,
సీర్యోల్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.
కానీ దాని నీడలో గడ్డి బతకదు.
చలికాలం అది చచ్చిపోయాక
ఒడ్డు మీద ఉత్త మట్టి.
నాలుగేళ్ల కిందట జనవరి వరదకి
ఫుట్‌బాల్ మైదానం మూల
గోలు స్తంభంతో సహా ఏట్లోకి జారింది.
అప్పట్నుంచే ఈ శనివారాలు.

నెస్టాకి పద్దెనిమిది తేనెపెట్టెలు.
సెప్టెంబరులో మిగతా పూలన్నీ కొట్టు కట్టేశాక
ఆమె ఈగలకి ఈ పువ్వే అన్నం.
లోపలికి దూరి బయటికొచ్చిన ఈగ
వీపంతా తెల్లపొడితో
పిండిమర నుంచి ఇంటికెళ్లే మనిషిలా ఉంటుంది.
"అదిగో, మావాళ్లే" అంటుంది నెస్టా,
అంటూనే ఆ మొక్క మెడ విరుస్తుంది.
ఎందుకొస్తున్నావని ఒకసారి అడిగాను.
చేతితొడుగు తిరగేసి దులిపింది, అంతే.
తర్వాతెప్పుడో ఫ్లాస్కు మూత తిప్పుతూ,
"రెండు పెట్టెలు పోయాయి," అంది,
"ఒడ్డు విరిగిన రాత్రి."

మూడేళ్లు కింద పీకాం.
మూడేళ్లూ పైనుంచి గింజలొచ్చాయి.
ఏరు కదా, తన పని తాను చేసుకుపోయింది.
పైన ప్రోథరో పొలం.
గేటుకి తాళం, తాళానికి కుక్క కాపలా.
పాతికేళ్ల నాటి కంచె తగాదాలో
ఊరంతా ఒకవైపు, తనొక్కడూ ఒకవైపు నిలబడి
అక్కడే ఉండిపోయిన మనిషి.
సీర్యోల్ రెండు ఉత్తరాలు రాశాడు.
పాస్టరుగారు వెళ్లి, మెట్ల మీద నిలబడి వచ్చారు.

ఈ ఆగస్టులో, ఎందుకో, గేటు బార్లా తెరిచి ఉంది.
గుంజకి కొడవలి వేలాడుతోంది, కొత్తగా సాన పట్టింది.
మనిషి లేడు. కుక్క ఉంది, మొరగలేదు.
ఎవరం ఏమీ అనుకోలేదు.
కాయలు అప్పటికే ముదిరాయి,
ఒక్కోదాని తలకీ సంచి తొడిగి
ఉరి తీసేవాళ్లలా నెమ్మదిగా విరిచాం.
పొద్దుగూకేవేళ ట్రాక్టరు మీద వచ్చి,
కుప్పల్ని ఎగాదిగా చూసి,
"ఆ మూల వదిలేశారు" అని వెళ్లిపోయాడు.

నిజమే, వదిలేశాం.

రాత్రి వంటింట్లో బూట్లు విప్పుతుంటే
ప్యాంటు మడతలో దాక్కున్న కాయ ఒకటి టప్పున పేలింది.
మిరియాల్లాంటి గింజలు గచ్చు నిండా దొర్లాయి.
టార్చి తెచ్చి మోకాళ్ల మీద కూలబడ్డాను.
పొయ్యి కింద మూడు, బీరువా కింద నాలుగు,
పిల్లి గిన్నెలో ఒకటి.
ఒక కాయలో ఎన్నుంటాయో
సీర్యోల్ చెప్పే ఉంటాడు.
విన్నట్టు తలూపే ఉంటాను.