పేరు కొట్టే మిషను

బైపాసు పడినాక వేలూరు బస్సులు
మా బజారు వీధి మొగం చూసేది మానేసినాయి.
సాయంత్రం ఆరున్నరకి
ఎదురంగడి చెంగల్రాయులు ఆవులిస్తే
ఆ ఆవులింత వీధి చివర మందులంగడి దాకా పోయి
తిరిగి నా నోట్లోకి వచ్చేది.
మాది స్టీలు సామాన్ల అంగడి.
బిందెలు తుడిచేది, బోర్లించేది, మళ్ళీ తుడిచేది.
వాటి మెరుపులో ఎప్పుడూ నేనొకణ్ణే,
పొట్టిగా, లావుగా.

గాజులంగడి ఫర్జానా మీటింగు పెట్టింది.
మీటింగంటే ఏముంది,
ఆరు స్టూళ్ళు, తొమ్మిది టీలు,
పాత బాకీ గుర్తొచ్చి మొగాలు తిప్పుకున్న ఇద్దరు.
"శనివారం మాపటేళ బండ్లు ఆపేద్దాం.
పదిదాకా దీపాలు వేద్దాం. జనాన్ని నడవనీ" అనింది.
"నడిస్తే ఏమొస్తుంది?" గుడ్డలంగడి దొరస్వామి.
"కాళ్ళనొప్పులొస్తాయి. కూర్చుంటారు.
కూర్చుంటే చూస్తారు."
దానికి ఎవురి దగ్గిరా జవాబు లేదు.
మనిషికి మున్నూరు వేసుకున్నాం.

మొదటి శనివారం
సీరియల్ బల్బుల కింద వీధి
పెండ్లిచూపులకి ముస్తాబై, ఎవరూ రాక,
చొక్కా గుండీలు లెక్కబెట్టుకునేవాడి మాదిరి ఉండింది.
వచ్చింది ఒక కుక్క, ఇద్దరు పోలీసులు,
దోవ తప్పిన ఆటో.
రెండో వారం వాన.
మూడో వారం దొరస్వామి తన మున్నూరు అడిగినాడు.
నేనూ అడుగుదామనే లేచినాను.
ఫర్జానా బొరుగులు కలపతా ఉండింది,
గాజులు తొడిగే చేతుల్తో ఎర్రగడ్డలు తరిగి,
ఖాళీ వీధికి వినబడేట్టు
"మసాలా బొరుగులూ" అని.
కేక వేసి అలవాటు లేని గొంతు, నడాన చీలింది.
కూర్చున్నాను.

నాలుగో వారం వచ్చినారు.
ఆస్పత్రిలో డ్యూటీ దిగిన నర్సులు,
కోచింగు హాస్టలు పిల్లోళ్ళు,
ఇరవై ఏండ్లుగా మా నెత్తిన కాపురముంటా
ఒక్క దినమూ మా గడప తొక్కని మేడమీది వాళ్ళు.
నా మెట్ల మీదే కూర్చున్నారు.
బొరుగులు తిని పొట్లాలు నా బిందెల్లో వేసినారు.
కొన్నది మాత్రం ఏమీ లేదు.
గల్లాపెట్టె తెరిస్తే
పొద్దున ముట్టించిన అగరొత్తి వాసన, అంతే.

తొమ్మిదింటికి ఒక నర్సు పిల్ల
సంచిలోంచి మూడు గిన్నెల క్యారియరు తీసింది.
"దీనిమీద పేరు కొడతారా?"
తిప్పి చూసినాను. మా సరుకు కాదు.
ఫోన్లో కొన్నది.
అట్టపెట్టె బంక అడుగున ఇంకా అంటుకునే ఉంది.
నా అంగడిని మూలకి తోసిన సరుకు
ఇంత మర్యాదగా, మెరస్తా,
నా చేతుల్లోకే వచ్చి కూర్చుంది.
"హాస్టల్లో అందరివీ ఒకే మాదిరివి సార్.
పేరు లేకుంటే మారిపోతాయి."

రెండేండ్లు, మిషను గుడ్డ విప్పి.
ప్లగ్గు పెడితే మొదట దగ్గింది,
తర్వాత జుయ్యిమనింది, తేనెటీగ తెలివికొచ్చినట్టు.
"ఏం పేరమ్మా?"
"కస్తూరి. తెలుగులోనే కొట్టండి."
త వత్తు కాడ చెయ్యి వణికింది.
తల ఎత్తితే నా చుట్టూ జనం,
కస్తూరి పేరు రి దాకా వస్తుందా రాదా అని
బొరుగులు నమలడం మరిచి చూస్తా.

పదకొండు పేర్లు ఆ రాత్రి. పేరుకి ఇరవై.
నేనిచ్చిన మున్నూరుకి ఇంకా ఎనభై తక్కువే.
దొరస్వామి వచ్చి లెక్క చూసి,
ఏమీ అనకుండా, షట్టరు సగం ఎత్తి
లోపల లైటు వేసుకున్నాడు.

పోతా పోతా ఎవరో పెద్దామె
వాకిట్లో పెద్ద బిందె వంచి
అందులో తన మొగం చూసుకుని,
ముక్కుపుడక సరిచేసుకుని, పెట్టేసింది.
ధర అడగలేదు. నేనూ చెప్పలేదు.
దాని మీద నాలుగు వేళ్ళ ముద్రలు,
మసాలా నూనెతో.

ఆ బిందె నేనింకా తుడవలేదు.