నాలుగు వాటాలు

మిర్చి యార్డు రోడ్డులో మా కమిషన్ కొట్టు.
వెనక గది తలుపు తీస్తే
ముందు తుమ్ము లోపలికెళ్తుంది,
తర్వాతే మనిషి.

అక్కడ నాలుగు పెట్టెలుండేవి.
రైతుల ఖాతాలకొకటి,
కాటా చీటీలకొకటి,
కోల్డ్ స్టోరేజీలో ఎవరి టిక్కీలు ఏ గదిలో ఉన్నాయో
చెప్పడానికొకటి.
నాలుగోది ఏసురత్నం గారిది.

నాలుగు ఫ్యాన్లూ కారపు ధూళి పీల్చి
ఉబ్బసం మనుషుల్లా ఎగపోసేవి.
మే నెలలో ఏసీ చేతులెత్తేస్తే
టేబుల్ ఫ్యాను వాటివైపు తిప్పి
మేం అట్టముక్కలతో విసురుకునేవాళ్ళం.
ఒక్కోటీ రోజు మొత్తమ్మీద చేసేది గంట పని.
మిగతా ఇరవైమూడు గంటలూ
కరెంటు తాగుతూ కూర్చునేవి,
పండగైపోయినా కదలని అల్లుళ్ళు.

ఫిబ్రవరిలో, సీజన్ నడినెత్తిన,
కాటా పెట్టె చచ్చిపోయింది.
పక్క పెట్టె ఖాళీగానే ఉంది, కానీ
దాని పని దానిది, దీని పని దీనిది.
కార్బన్ పేపర్ పెట్టి రెండొందల పన్నెండు చీటీలు
నా చేత్తో రాశాను.
రెంటచింతల రైతు ఒకాయన
తన బస్తాల మీదే రెండు రాత్రుళ్ళు పడుకుని
మూడోనాడు అడిగాడు:
"మీ మిషనుకి జొరమెప్పుడు తగ్గుద్దమ్మా?"
నా దగ్గర జవాబు లేదు.

నాగుల్ మీరా వచ్చాడు.
మూత విప్పి, ఊది, ఏడుసార్లు తుమ్మి,
మిరప గింజలు నాలుగు ఏరి బల్ల మీద పెట్టాడు.
"అరండల్‌పేటలో వాటాలిల్లు చూశారుగా అక్కా?
పునాది ఒకటే, బోరు ఒకటే, మెట్లు ఒకటే.
ఎవరి తాళం వాళ్ళది.
ఒక వాటాలో పొయ్యి ఆరిపోతే
పక్క వాటాలో అన్నం ఆగదు.
ఒక్క గట్టి మిషను కొనండి,
నాలుగు వాటాలు నేను కడతాను."

పున్నయ్య గారు పొడుం పట్టు పట్టారు.
"ఉన్న ఒక్క దూలం విరిగితేనో?"
"అందుకే రెండోది చిన్నది, మీ ఇంటి మేడ మీద.
రోజూ రాత్రి నకలు అక్కడికి పోద్ది.
ఇక్కడ కూలితే, టీ తాగి వచ్చేలోగా
అక్కడ లేస్తాయి."
ఆయన వేళ్ళ మీద లెక్కేశారు.
రెండూ కలిపినా
నాలుగు కొత్తవాటికయ్యే దాంట్లో సగమే.
అయినా రెండుసార్లు బేరమాడారు.
అలవాటు.

ఇక ఏసురత్నం గారి సంగతి.
ఆయన పోయి ఆరేళ్ళు.
తరుగు, ముఠా కూలి, పాత బాకీ మీద వడ్డీ,
ఏ రైతుకి ఏ ఏడు ఎంత వదిలేశామో,
అన్నీ ఆయన రాసిన ప్రోగ్రాముకే తెలుసు.
నల్ల తెర, పసుపు అక్షరాలు.
పాత పెట్టెలో తప్ప బతకదు,
అలాంటి పెట్టెలు ఇప్పుడెవరూ చెయ్యరు.
రోజూ దాన్ని ఆన్ చేసేటప్పుడు
నా చేయి కొంచెం వణికేది.

ఆ రాత్రి నాగుల్ మీరా దాన్ని
నిద్రపోయే పిల్లని మంచం మార్చినట్టు
చప్పుడు లేకుండా ఎత్తి
నాలుగో వాటాలో పడుకోబెట్టాడు.

పొద్దున్నే మీట నొక్కాను.
నల్ల తెర. పసుపు అక్షరాలు.
తన పాత పెట్టెలోనే ఉన్నాననుకుని
ఆ కాస్త మెమరీనే మళ్ళీ లెక్కపెట్టుకుంది.
ఊరు మారిందని దానికెవరూ చెప్పలేదు.
నేనూ చెప్పలేదు.

పాత పెట్టెల్ని లాలాపేట ఇనప సామానువాడు
తూకానికి తీసుకుపోయాడు.
ఒకదాని అడుగున బల్లి గుడ్లు రెండు.
కరెంటు బిల్లు చూసి పున్నయ్య గారు
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.
జూన్‌లో కాటా వాటా ఒకసారి పడిపోయింది.
నిన్నటి నకలు తెచ్చి నిలబెట్టారు.
బయట లారీవాడికి తెలియనే లేదు.

మొన్న కుర్ర ఆడిటరు అన్నాడు,
"ఈ నాలుగోది పాతబడింది, తీసేద్దామా?"
పున్నయ్య గారు తలెత్తకుండానే,
"అద్దె అడుగుతోందా, అన్నం అడుగుతోందా?
ఉండనీవయ్యా."

సాయంత్రం లెక్క మూసేటప్పుడు
ఏసురత్నం గారు పెట్టిన ఆఖరి వరస
ఇప్పటికీ తెర మీదకొస్తుంది:
ఇక ఇంటికి పోవచ్చు.

సరే మాస్టారూ, అంటాను.
లైటార్పి తలుపేస్తుంటే
తుమ్ము.
అది మాత్రం ఏ వాటాలోనూ ఇమడలేదు.